ఒక్క తలకాయ, ముగ్గురు మనుషులు

'ఫ్రాంక్' సినిమా చూసినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది నిజంగా జరిగిందా? రెండోది కూడా దాదాపు అదే, ఆ బొమ్మ తలకాయ పెట్టుకున్న పాటగాడు నిజంగా ఉన్నాడా? మొదట్లో "ఉన్నాడు" అని చెప్పేవాణ్ణి. తర్వాత కొన్నాళ్ళు "ఉన్నాడు గానీ, అలా కాదు" అని నసిగేవాణ్ణి. ఇప్పుడైతే కూర్చోబెట్టి టీ ఇచ్చి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇది ఒక్క ముక్కలో తేలే వ్యవహారం కాదు. తలకాయ ఒకడిది, జబ్బు ఇంకొకడిది, ఊరికి దూరంగా ఓ కొంపలో బ్యాండుని పడేసి నెలల తరబడి రిహార్సల్ చేయించిన మొండితనం మూడోవాడిది. ముగ్గురూ నిజంగా బతికిన మనుషులు. ముగ్గుర్నీ కలిపి నాలుగోవాణ్ణి తయారుచేసి, మొదటివాడు కట్టిన వేషం పేరు పెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కథ మొత్తం చెప్పేస్తున్నాను, ముందే హెచ్చరిస్తున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదివితే మంచిది. గంటన్నర పైన ఓ అయిదు నిమిషాలు, అంతే.

2014 జనవరిలో అమెరికాలో సన్‌డాన్స్ సినిమా ఫెస్టివల్‌లో మొదటిసారి వేశారు. దర్శకుడు లెన్నీ అబ్రహామ్‌సన్, ఐర్లండ్ మనిషి. ఆ మరుసటి ఏడాది 'రూమ్' తీసి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. ఇందులో జాన్ (డోనల్ గ్లీసన్) అని ఓ కుర్రాడు ఇంగ్లండ్‌లో సముద్రం పక్క ఊళ్ళో ఉంటాడు. ఆఫీసు ఉద్యోగం, అమ్మానాన్నలతో ఇల్లు, గదిలో కీబోర్డు. దారిలో ఏది కనిపిస్తే దాని మీద లైను కట్టి పాడుకుంటూ నడుస్తుంటాడు, ఒక్కటీ పాట కాదు. ఒకరోజు బీచ్‌లో ఎవరో సముద్రంలో మునిగి చావబోతుంటే జనం పోగై ఉంటారు. మునగబోయినవాడు ఒక బ్యాండులో కీబోర్డు ప్లేయర్. ఆ రాత్రే వాళ్ళకి షో ఉంది. గట్టున నిలబడ్డ మేనేజర్‌తో జాన్ మాటవరసకి నేనూ కీబోర్డు వాయిస్తానంటాడు. సి, ఎఫ్, జి కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) వాయించగలవా అని అడుగుతాడు మేనేజర్. వచ్చు. అయితే రాత్రికి రా.

అలా చేరతాడు. బ్యాండు పేరు 'సొరొన్‌ప్ర్‌ఫ్‌బ్స్'. వాళ్ళకే పలకడం రాదు; ఇన్ని ఒత్తులున్న మన లిపికీ లొంగలేదంటే చూడండి. థెరమిన్ వాయించే క్లారా (మ్యాగీ జిలెన్‌హాల్), ఎవరు దగ్గరికొచ్చినా కరిచేట్టు ఉంటుంది. థెరమిన్ అంటే తాకకుండా గాల్లో చేతులాడిస్తే ఊళ పెట్టే వాయిద్యం, ఆవిడకి సరిగ్గా సరిపోయింది. ఫ్రెంచి తప్ప వేరే మాట్లాడని ఒక బాస్ ప్లేయర్. పెద్దగా నోరు విప్పని ఒక డ్రమ్మర్. మేనేజర్ డాన్, ఇంతకుముందు ఇదే బ్యాండులో కీబోర్డు వాయించినవాడు, ఫ్రాంక్‌ని మానసిక చికిత్స ఆసుపత్రిలో కలిశాడు. ఇక ఫ్రాంక్. భుజాల మీద గుమ్మడికాయంత బొమ్మ తలకాయ, పెద్ద పెద్ద నీలం కళ్ళు, సగం తెరిచిన నోరు, పాపిడి తీసి రంగుతో గీసిన జుట్టు. పాడేటప్పుడే కాదు, నిద్రలోనూ తీయడు. లోపలున్నది మైకేల్ ఫాస్‌బెండర్. ఆ టైముకి అతను పెద్ద స్టార్. మన దగ్గర హీరో ఎంట్రీలో ముందు బూటు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత స్లో మోషన్‌లో ముఖం చూపిస్తారు కదా, ఇక్కడ సినిమా దాదాపు అయిపోయేదాకా ముఖమే చూపించరు. టికెట్ కొన్న మొహానికి బొమ్మ తలకాయ.

తన ముఖం ఎవరికీ కనిపించదు కాబట్టి, ఫ్రాంక్ ఒక పద్ధతి కనిపెట్టుకుంటాడు. లోపల ఏ హావభావం పెట్టాడో నోటితో చెబుతాడు. ఇప్పుడు స్వాగతం చెబుతున్న నవ్వు నవ్వాను, ఇప్పుడు పొగిడితే సిగ్గుపడ్డాను, అంటూ. మొదటిసారి చూసినప్పుడు పగలబడి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ సినిమా మొత్తంలో తన మనసులో ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పే మనిషి వాడొక్కడే అని అప్పుడు తట్టింది. ముఖం కనిపిస్తున్న మిగతా వాళ్ళందరూ దాచేవాళ్ళే. అందరికంటే ఎక్కువ దాచేవాడు, ఎర్రజుట్టుతో అమాయకంగా కనిపించే మన జాన్.

వారాంతానికని చెప్పి ఐర్లండ్ తీసుకెళతారు. ఆ వారాంతం దాదాపు ఏడాది సాగుతుంది. నీళ్ళ పక్కన చెక్క ఇంట్లో ఆల్బమ్ రిహార్సల్. అద్దెకి డబ్బు అయిపోతే జాన్ తన పేర దాచి ఉన్న సొమ్ము తీసి కడతాడు. అవన్నీ రహస్యంగా వీడియోలు తీసి నెట్‌లో పెడుతుంటాడు. ఆ వీడియోల పుణ్యాన అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ మ్యూజిక్ ఫెస్టివల్ నుంచి పిలుపొస్తుంది, అక్కడినుంచి అన్నీ కూలుతాయి. కథ ఇంతే. ఇప్పుడు ఆ ముగ్గురి దగ్గరికి వద్దాం.

మొదటివాడు క్రిస్ సీవీ. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్క మనిషి, 1955లో పుట్టాడు. పాప్ స్టార్ కావాలన్న కోరిక ఎంత బలమంటే, 1971లో పదహారేళ్ళ కుర్రాడిగా తమ్ముడితో లిఫ్టులు అడుక్కుంటూ లండన్ వెళ్ళి, బీటిల్స్ వాళ్ళ ఆపిల్ రికార్డు కంపెనీ ఆఫీసులో పాట రికార్డు చేస్తేగానీ కదలం అని కూర్చున్నారు. చేశారు కూడా. తర్వాత 'ది ఫ్రెషీస్' అని బ్యాండు పెట్టాడు. మాంచెస్టర్‌లో ఒక క్యాసెట్ల షాపు బిల్లు కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి మీద ప్రేమ అంటూ ఒక పాట కట్టాడు, 1981లో అది బ్రిటిష్ చార్టుల్లో 54వ స్థానం దాకా వచ్చి ఆగింది. సీవీ పాటలకి దక్కిన పెద్ద హిట్టు అదే.

ఇక్కడ మలుపు. 1980ల్లో సీవీ తన బ్యాండుకి ఒక వీరాభిమానిని సృష్టించాడు, సరదాకి. ఆ వీరాభిమాని పేరు ఫ్రాంక్ సైడ్‌బాటమ్. టింపర్లీ అనే చిన్న ఊరివాడు, అమ్మతో ఉంటాడు, తను పాప్ స్టార్ అవుతున్న సంగతి అమ్మకి తెలియకుండా దాస్తుంటాడు. కాగితం గుజ్జుతో చేసిన గుండ్రటి తల (తర్వాత ఫైబర్‌గ్లాస్‌తో చేయించాడు), సూటు, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని మాట్లాడే గొంతు. వాడి చేతిలో వాడిలాగే ఉండే ఇంకో అట్టబొమ్మ, చిన్న ఫ్రాంక్. వాడి పాటలు వింటే చిన్నపిల్లల ఆర్గాన్ మీద ప్రపంచ ప్రసిద్ధ పాటల్ని టింపర్లీ సందుల్లోకి లాక్కొచ్చి పాడినట్టుంటాయి. కావాలనే చేతకానట్టు. సృష్టించిన వీరాభిమాని అసలు బ్యాండుని మింగేశాడు. సీవీ పాటలు ఎవరికీ పట్టలేదు, ఫ్రాంక్ టీవీలకెక్కాడు. ఫ్రాంక్ షోల్లో చిన్న పాత్రగా మొదలైన మిసెస్ మెర్టన్, తర్వాత ఆ పాత్ర వేసిన కరోలిన్ అహెర్న్‌కి బ్రిటిష్ టీవీలో సొంత షో తెచ్చిపెట్టింది. సొంత ముఖంతో అడిగితే ఇవ్వని చప్పట్లు బొమ్మ ముఖానికి ఇచ్చినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1987లో లండన్‌లో ఒక పాలిటెక్నిక్ స్టూడెంట్ యూనియన్‌లో కార్యక్రమాలు బుక్ చేసే కుర్రాడు జాన్ రాన్సన్. ఒకరోజు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఫ్రాంక్ సైడ్‌బాటమ్ మేనేజర్. ఈ రాత్రి షో, కీబోర్డు ప్లేయర్ రాలేకపోతున్నాడు, రద్దు చేయాలి. నేను కీబోర్డు వాయిస్తానే, అన్నాడు రాన్సన్. సి, ఎఫ్, జి వచ్చా? వచ్చు. అయితే సరే.

అదీ సంగతి. సినిమాలో మీరు "ఇది కల్పించారు, ఎక్కడైనా ఇలా జరుగుతుందా" అనుకునే సీనే అచ్చంగా జరిగింది. నిజంలా అనిపించే చాలా సీన్లు కల్పితం. (నేనూ కాలేజీ రోజుల్లో సరిగ్గా ఆ మూడు కార్డ్స్ మీదే యానివర్సరీ నెట్టుకొచ్చాను. నాకెవరూ ఫోన్ చేయలేదు.) రాన్సన్ కొన్నేళ్ళు ఆ బ్యాండులో తిరిగాడు. తలకాయ పెట్టుకున్నాక క్రిస్ అని పిలిస్తే పలకడని, ఆ క్షణం నుంచి ఫ్రాంక్ మాత్రమే ఉంటాడని తర్వాత రాశాడు. ఆ రాన్సన్ పెద్దయ్యాక పేరున్న జర్నలిస్టు అయ్యాడు, మానసిక సమస్యల మీద, విచిత్రమైన మనుషుల మీద పుస్తకాలు రాశాడు, ఈ సినిమా స్క్రిప్టు పీటర్ స్ట్రాన్‌తో కలిసి రాసిందీ అతనే. స్ట్రాన్ 2025లో 'కాన్‌క్లేవ్' స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తీసుకున్నాడు.

ఒక ముఖ్యమైన విషయం ఇక్కడే గట్టిగా చెప్పాలి. సీవీ తల తీసేవాడు. షో అయ్యాక తీసి, ఇంటికెళ్ళే మనిషి. పెళ్ళాం పిల్లలు ఉన్నారు. తర్వాతి రోజుల్లో 'పింగు' లాంటి పిల్లల యానిమేషన్ మీద ఉద్యోగం కూడా చేశాడు. తాగుడు, అప్పులు, డబ్బు లెక్క తెలియకపోవడం, అవన్నీ ఉన్నాయి, కానీ ఆ తలకాయ జబ్బు కాదు. వేషం. మన పగటివేషగాడు వీధిలో ఉన్నంతసేపూ శక్తి వేషంలో శక్తిలాగే మాట్లాడతాడు, అంతమాత్రాన ఆయనకేదో అయిందని ఎవరూ అనుకోరు. అలాంటిదే.

మరి సినిమాలో ఫ్రాంక్‌కి ఉన్న జబ్బు ఎక్కడినుంచి వచ్చింది? రెండోవాడు డేనియల్ జాన్‌స్టన్ నుంచి.

1961లో పుట్టిన అమెరికన్. వెస్ట్ వర్జీనియాలో పెరిగి, తిరిగి తిరిగి 1980ల మధ్యలో ఆస్టిన్ చేరాడు. మెక్‌డొనాల్డ్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో చవక టేప్ రికార్డర్‌లో తీసిన పాటల క్యాసెట్లు దారినపోయేవాళ్ళ చేతుల్లో పెట్టేవాడు. మొదట్లో కాపీ చేసే మిషన్ లేక, ఎవరైనా అడిగితే పాటలన్నీ మళ్ళీ మొదటినుంచి పాడి ఇంకో క్యాసెట్ నింపి ఇచ్చేవాడట. ఇది చదివినప్పుడు నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. గొంతు పిల్లాడిలా వణికేది, పియానో తప్పేది, పాట మాత్రం గుండెలో దిగేది. అతనికి తీవ్రమైన మానసిక వ్యాధి. 1990లో ఆస్టిన్‌లో షో చేసి తిరిగి వస్తుండగా, చిన్న విమానంలో పక్కన తండ్రి నడుపుతున్నాడు. డేనియల్ తనని కార్టూన్ దెయ్యం క్యాస్పర్ అనుకుని, ఇంజిను తాళం లాగేసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. తండ్రి ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్ పైలట్ కాబట్టి చెట్ల మీదికి దింపి ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఆ తర్వాత ఆసుపత్రి. 1992లో నిర్వాణ బ్యాండు కర్ట్ కొబేన్ ఎంటీవీ అవార్డులకి డేనియల్ గీసిన కప్ప బొమ్మ టీషర్టు వేసుకొచ్చాడు, దాంతో పెద్ద రికార్డు కంపెనీలు వెంటపడ్డాయి. ఒక కంపెనీని వద్దన్నాడు, కారణం ఆ కంపెనీలో మెటాలికా బ్యాండు ఉంది, వాళ్ళు సైతాను మనుషులు అని భయం. తర్వాతి జీవితం చాలామటుకు టెక్సాస్‌లో అమ్మానాన్నల దగ్గర్లోనే గడిపాడు, 2019లో పోయాడు.

సినిమాలో ఫెస్టివల్ ఆస్టిన్‌లోనే ఎందుకు జరిగిందో, చివర్లో ఫ్రాంక్ అమ్మానాన్నల ఇంటికే ఎందుకు చేరాడో ఇప్పుడు తెలిసింది కదా.

మూడోవాడు కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే అమెరికన్ రాక్ గాయకుడు, అసలు పేరు డాన్ వాన్ వ్లీట్. ఇతని గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు ఇతనంటే భయం. 1969లో వచ్చిన 'ట్రౌట్ మాస్క్ రెప్లికా' అనే ఇతని ఆల్బమ్‌ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో పెట్టింది. మామూలు చెవితో వింటే నలుగురు నాలుగు గదుల్లో నాలుగు వేర్వేరు పాటలు వాయిస్తున్నట్టుంటుంది. అట్ట మీద ఆయన ముఖానికి చేప తల అడ్డం పెట్టుకుని ఉంటాడు. పేరులో ట్రౌట్ గానీ ఫోటోలో ఉన్నది కార్ప్, మన బొచ్చె చేప బంధువు. ముఖానికి అడ్డంగా ఒక తలకాయ, చూశారా, అది అక్కడా ఉంది. ఆ ఆల్బమ్ కోసం కుర్రాళ్ళని లాస్ ఏంజెలిస్ శివార్లలో ఒక అద్దె ఇంట్లో ఎనిమిది నెలల పాటు ఉంచి, రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు వాయింపజేశాడు. తిండి సరిగ్గా లేదు. మాటలతో ఒక్కొక్కణ్ణీ విడగొట్టి ఏడిపించేవాడు. బీఫ్‌హార్ట్‌కి రాని పియానో మీద తోచినట్టు కొట్టినదాన్ని నోట్స్ రాసి, మిగతావాళ్ళకి నేర్పి, పాటగా నిలబెట్టింది డ్రమ్మర్ జాన్ ఫ్రెంచ్. ఆల్బమ్ వచ్చాక చూస్తే అట్ట మీద అతని పేరే లేదు. అన్ని నెలల చాకిరీ తర్వాత స్టూడియోలో చాలా పాటల వాయిద్యాలు ఆరు గంటల్లో అయిపోయాయట.

సినిమాలోని ఐర్లండ్ ఇల్లు ఆ ఇల్లే. కాకపోతే దాన్ని బాగా కడిగి, ఎండబెట్టి తెచ్చారు.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. ఒకే తలకాయ ఈ ముగ్గురికీ తగిలిస్తే ఏమవుతుంది? సీవీకి తలకాయ అంటే పని. సాయంత్రం పెట్టుకుని రాత్రి తీసేది. జాన్‌స్టన్‌కి దాచుకోవడానికి ఏదీ లేదు, లోపలున్నదంతా క్యాసెట్‌లో బయటే ఉంది. బీఫ్‌హార్ట్‌కి చేప తల ఒక గాంభీర్యం, ఎదుటివాళ్ళని లొంగదీసే దర్జా. మూడింటికీ మూడు అర్థాలు, ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. సినిమా వీటిని కలిపేసరికి చూసేవాడికి ఒక్కో సీనులో ఒక్కోలా అనిపిస్తుంది: ఒకసారి ఫ్రాంక్ కామెడీ, ఒకసారి జాలి, ఒకసారి మహానుభావుడు. ఇది స్క్రిప్టులో లోపమని కొందరన్నారు. కాదని నా వాదన. ఎందుకంటే ఆ తలకాయని మనం చూస్తున్నది జాన్ కళ్ళతో, జాన్‌కి ఏ రోజు ఏది పనికొస్తే ఆ రోజు దాన్ని అలా చూస్తాడు.

జాన్ బాధ ఏమిటంటే తనకేం బాధల్లేవు. మంచి అమ్మానాన్న, మంచి ఊరు, మంచి ఉద్యోగం. గొప్ప సంగీతం కావాలంటే చేదు బాల్యం ఉండాలి, పిచ్చాసుపత్రి చూసి ఉండాలి, ఒళ్ళంతా గాయాలు ఉండాలి అని వాడి నమ్మకం. నాకు లేవే, ఎక్కడ దొరుకుతాయి? ఈ కొంప దొరికింది. ఇక్కడి చలి, ఆకలి, క్లారా తిట్లు, అన్నీ తన ఖాతాలో వేసుకుంటూ పోతాడు, బ్యాంకులో జమ చేసుకున్నట్టు. గడ్డం పెంచుతాడు. ఏడాది అయ్యాక లెక్క చూసుకుంటే పాట రాదు. పాట రానిది బాధ తక్కువై కాదు, వాడికి పాట రాదంతే. ఇంత కటువుగా ఒక సినిమా తన కథానాయకుడి గురించి చెప్పడం నేను చాలా తక్కువసార్లు చూశాను. రెహమాన్‌కి తండ్రి చిన్నప్పుడే పోయాడు కాబట్టే అంత సంగీతం అని, ఫలానా కవి తాగుడులోంచే కవిత్వం వచ్చిందని మనమూ ఎంత తేలిగ్గా అనేస్తాం! తండ్రి పోయిన పిల్లలందరూ రెహమాన్‌లు కాలేదు, తాగినవాళ్ళందరూ కవులు కాలేదు. కళ్ళముందు ఉన్న లెక్కే, అయినా తప్పుతాం.

ఆ నమ్మకాన్ని సినిమా కాన్సస్‌లో ఒక మామూలు ఇంట్లో, మామూలు అమ్మానాన్నల ఎదుట కూర్చోబెట్టి విప్పుతుంది. అప్పటికి ఆస్టిన్‌లో అంతా చెడిపోయింది, క్లారా జాన్ కాలు మీద కత్తితో పొడిచి జైలు పాలైంది, స్టేజి మీద ఫ్రాంక్ కుప్పకూలాడు, తలకాయ పగిలింది, మనిషి పారిపోయాడు. జాన్ వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళతాడు. తలకాయ లేని ఫ్రాంక్ అక్కడున్నాడు, తలకాయ ఒరుసుకుపోయిన మచ్చలు ముఖం మీద ఉన్నాయి, మనిషి నేల చూపులు చూస్తున్నాడు. జాన్ అడుగుతాడు, ఇంతకీ వీడికేం జరిగింది అని. మన సినిమా అయితే ఇక్కడ ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పడాలి: ఊరు, విలన్, వాన, ఒక ఘోరం, తలకాయ పుట్టుక. ఇక్కడ ఏదీ పడదు. ఏం జరగలేదు, వాడికి జబ్బు చేసింది, అంటారు వాళ్ళు. ఆ మొదటి తలకాయ ఏదో పార్టీ కోసం తండ్రే చేసిచ్చాడు. అంతటి సంగీతం అంత బాధలోంచే వచ్చి ఉంటుందని జాన్ ఇంకా పట్టు వదలకపోతే, తల్లి మెత్తగా ఒక మాట చెబుతుంది: వాడికి సంగీతం ముందునుంచీ ఉంది, జబ్బు దాన్ని ఇవ్వలేదు, ఇంకా అడ్డం పడింది. అంతే. ఆవిడ గొంతు కూడా పెంచదు. పక్కన ఫ్రాంక్ కూర్చునే ఉన్నాడు.

ఆ ఒక్క మాట కోసమే ఈ సినిమా తీశారని నాకు అనిపిస్తుంది. దానికోసం సీవీ ఒక్కడు చాలడు, సీవీకి జబ్బు లేదు. బీఫ్‌హార్ట్ పనికిరాడు. జాన్‌స్టన్ కావాలి. జాన్‌స్టన్ కథ నేరుగా తీస్తే అందరూ 'పాపం మేధావి' అని కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోతారు, జాన్ చేసిన తప్పే థియేటర్ అంతా కలిసి చేస్తుంది. అందుకని సీవీ తలకాయ తెచ్చి పెట్టారు. బొమ్మ ముఖం చూసి ముందు నవ్వుతాం. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడతాం. ఈ తిప్పడం లేకపోతే ఆ తల్లి మాట అంత లోతుగా దిగేది కాదు.

జాన్ పాత్రకి రాన్సన్ తన పేరే పెట్టుకున్నాడు కదా, ఆ సంగతి మర్చిపోవద్దు. నిజ జీవితంలో రాన్సన్ ఫ్రాంక్ బ్యాండుకి చేసిన ద్రోహమేమీ లేదు. కానీ తన కెరీర్ అంతా వింత మనుషుల పక్కన కూర్చుని, వాళ్ళ కథలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి, తన పేరున్న కుర్రాడు రహస్యంగా వీడియోలు తీసి, ఒక బలహీనుడి మీద తన భవిష్యత్తు కట్టుకోవాలని చూసినట్టు రాశాడంటే... నేను ఇంకేం అనను. చదివే మనం కూడా ఆ వీడియోలకి వ్యూస్ ఇచ్చేవాళ్ళమే.

మెచ్చుకోవడం అయింది, ఇక నా గొడవలు. ఒకటి, బీఫ్‌హార్ట్ దగ్గర ఎత్తుకొచ్చిన ఇంట్లో క్రౌర్యం చాలామటుకు తీసేశారు. ఇక్కడ ఫ్రాంక్ అందర్నీ ప్రేమించే గురువు, చిరాకు పడే బాధ్యతంతా క్లారాకి అప్పజెప్పారు. కానీ ఎనిమిది నెలలు ఆకలితో డ్రమ్స్ కొట్టి పేరు దక్కనివాడి కథ ఎక్కడ పోయింది? జీనియస్ అనే మాట చాటున పక్కవాళ్ళ మీద ఎంత దౌర్జన్యం జరుగుతుందో చెప్పడానికి చేతిలో అంత పదార్థం పెట్టుకుని వదిలేశారు. రెండు, మేనేజర్ డాన్. ఆల్బమ్ పూర్తయిన వేళ అతను ఫ్రాంక్ తలకాయ తగిలించుకుని చెట్టుకి ఉరేసుకుంటాడు. ఒక నిమిషం వాళ్ళూ మనమూ ఫ్రాంకే అనుకుంటాం. భయంకరమైన సీను, బలమైన సీను. కానీ ఆ చావుని ఆ తర్వాత కథ తొందరగా మర్చిపోతుంది. మేనేజర్ చావులు అలాగే మర్చిపోతారు అని చెప్పదలిస్తే సరే, నాకు మాత్రం అలా చెప్పినట్టు అనిపించలేదు.

మూడోది సీవీ తరఫున. బొమ్మ తలకాయ అనగానే ఇప్పుడు ప్రపంచమంతా మానసిక రోగి అనుకుంటుంది. ఆ తలకాయ తయారుచేసినవాడేమో జోకులు వేసే మనిషి. ఇలాంటి సినిమా ఆలోచన ఉందని బతికుండగా ఆయనకి తెలుసు, కల్పిత కథగా తీయడానికి ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకున్నా సరే, నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

పాటల సంగతి త్వరగా. సంగీతం స్టీఫెన్ రెనిక్స్. నటులు సెట్లో నిజంగానే వాయించారు, పాడింది ఫాస్‌బెండరే, డ్రమ్మర్‌గా కనిపించే కార్లా అజార్ నిజ జీవితంలోనూ పేరున్న డ్రమ్మర్. స్క్రిప్టుకీ సంగీతానికీ ఆ ఏడాది బ్రిటిష్ ఇండిపెండెంట్ ఫిల్మ్ అవార్డులు వచ్చాయి. ఇంతకీ ఆ బ్యాండు బాగా వాయిస్తుందా లేదా అంటే, సినిమా కావాలనే తేల్చదు. మంచిదే అనిపించే క్షణంలో ఒక తీగ తెగుతుంది, చెత్త అనుకునే క్షణంలో ఫ్రాంక్ గొంతు లేస్తుంది. జాన్ మాట విని జనానికి నచ్చే పాట కడతాననుకుని ఫ్రాంక్ చేసిన ప్రయత్నం ఒకటుంది, అది మాత్రం నిస్సందేహంగా ఘోరం, నవ్వు ఆపుకోలేం.

చివరి సీనులో ఒక చిన్న బార్‌లో మిగిలిన ముగ్గురూ ఎవరూ వినకపోయినా వాయిస్తుంటారు. జాన్ ఫ్రాంక్‌ని అక్కడికి తీసుకొస్తాడు. బోసి ముఖంతో, మచ్చలతో ఫ్రాంక్ చుట్టూ చూస్తూ, కనిపించినదాన్ని కనిపించినట్టు మెల్లగా పాడటం మొదలుపెడతాడు. వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి కలుస్తాయి. చూడండి, సినిమా మొదట్లో జాన్ వీధిలో చేసిందీ ఇదే: కనిపించినదాని మీద లైను కట్టడం. వాడికి రాలేదు, వీడికి వచ్చింది. తలకాయ లేకుండానే. జాన్ అది అర్థం చేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడుస్తాడు. వాడు చేసిన ఒకే ఒక్క మంచి పని.

క్రిస్ సీవీ మాత్రం ఇది చూడలేదు. 2010 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు, 54 ఏళ్ళకి. చేతిలో డబ్బు లేదు, అనాథ శవానికి చేసినట్టు ప్రభుత్వ ఖర్చుతో పూడ్చే పరిస్థితి వచ్చిందని తెలిసి అభిమానులు నెట్‌లో చందాలు మొదలుపెట్టారు, 20 వేల పౌండ్లు దాటింది. 2013 అక్టోబర్‌లో, అంటే ఈ సినిమా సన్‌డాన్స్‌లో పడటానికి మూడు నెలల ముందు, టింపర్లీ ఊళ్ళో కంచు విగ్రహం పెట్టారు. సూటు వేసుకుని నిలబడి ఉంటాడు. పెద్ద గుండ్రటి తల, పెద్ద కళ్ళు, రంగుతో గీసినట్టు అణిగిన జుట్టు. క్రిస్ ముఖం ఎక్కడా లేదు.